ముందు కేఐ, ఆ తర్వాతే అయోడిన్

కాలేజీలో ఉద్యోగానికి చేరిన కొత్తల్లో ఒకరోజు సాయంత్రం, మర్నాడు ప్రాక్టికల్స్ ఉన్నాయి, డెసినార్మల్ (0.1 నార్మల్ గాఢత) అయోడిన్ ద్రావణం ఒక లీటరు చేసి పెట్టండి అన్నారు. పుస్తకం తీసి చూస్తే 12.7 గ్రాముల అయోడిన్, 20 గ్రాముల పొటాషియం అయొడైడ్ (కేఐ), లీటరు నీళ్లు అని ఉంది. ఇందులో ఏముందిలే అనుకుని పెద్ద బీకర్లో తొమ్మిది వందల మిల్లీలీటర్ల దాకా నీళ్లు పోసి, అయోడిన్ వేసి, పైన కేఐ కూడా గుమ్మరించి గాజు కడ్డీతో తిప్పడం మొదలెట్టా. గంట తిప్పాను. నీళ్లు ఎర్రబడ్డాయి గానీ అడుగున నల్లటి రేకులు అలాగే మెరుస్తూ కూర్చున్నాయి. ల్యాబ్ అటెండర్ బాబాయ్ గుమ్మం దగ్గర నిలబడి కాసేపు చూసి, "అలా తిప్పితే రాత్రంతా ఇక్కడే ఉంటారండీ. ముందు కేఐ, దానికి గుక్కెడు నీళ్లు, అందులో అయోడిన్, అది పూర్తిగా కరిగాకే మిగతా నీళ్లు" అన్నాడు. అని వేలికున్న బంగారపు ఉంగరం తీసి చొక్కా జేబులో వేసుకుని బటన్ పెట్టుకున్నాడు. అదేదో సెంటిమెంటు అనుకున్నా అప్పుడు.

ఆయన చేసిందల్లా, చిన్న ఫ్లాస్కులో 20 గ్రాముల కేఐకి ఓ 40 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఊపాడు, ఫ్లాస్కు పట్టుకుంటే చల్లగా తగిలింది (కేఐ కరిగేటప్పుడు వేడి లాక్కుంటుంది). అందులో కొత్తగా తూచిన అయోడిన్ వేసి మూత పెట్టి మళ్లీ ఊపాడు. కాసేపటికి మొత్తం చిక్కటి కాఫీ డికాక్షన్‌లా అయిపోయింది, రేకు అన్నది లేదు. దాన్ని లీటరుకి పలచన చేస్తే ఒక్క గింజ కూడా బయటికి రాలేదు. అదే అయోడిన్, అదే కేఐ, అదే లీటరు, మారింది వరస ఒక్కటే. ఆ వరస వెనక ఏముందో అర్థమైతే మెడికల్ షాపులో దొరికే టింక్చర్, బెటాడిన్, ఇంట్లో ఉప్పు డబ్బా, రొయ్యల చెరువు దగ్గర డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) కొలిచే కిట్టు, ఇవన్నీ దాదాపుగా అర్థమైనట్టే.

చిక్కంతా పేరుతోనే వస్తుంది. అయోడిన్ అనే ఒక్క పేరు కింద మనం కనీసం నాలుగు వేర్వేరు వాటిని కలిపేసి మాట్లాడతాం. రెండు అయోడిన్ పరమాణువులు జంటగా ఉండే మూలకం ఒకటి, అదే ఆ నల్లటి రేకులు, అదే సూక్ష్మజీవుల్ని చంపేది, చర్మాన్ని మండించేది కూడా. దానికి ఎలక్ట్రాన్ అందితే అయొడైడ్, కేఐ లాంటి తెల్లటి లవణాల్లో ఉండే సాధువు, రంగు లేదు, థైరాయిడ్ గ్రంథికి కావాల్సింది ఇదే. ఆక్సిజన్‌తో కట్టుబడితే అయొడేట్, మన వంటింటి ఉప్పులో ఉండేది. నాలుగోది ట్రైఅయొడైడ్, జంట అయోడిన్ ఒక అయొడైడ్‌ని పట్టుకుంటే వచ్చే మూడు పరమాణువుల కడ్డీ, ఆ డికాక్షన్ రంగంతా దీనిదే.

మామూలు నీళ్లకి అయోడిన్ అంటే పడదు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో కరిగేది దాదాపు 0.3 గ్రాములు, అంటే నేను వేసిన 12.7 గ్రాముల్లో నలభయ్యో వంతు. కేఐ మాత్రం అదే ఉష్ణోగ్రతలో 100 మిల్లీలీటర్లలో 140 గ్రాములకి పైనే కరుగుతుంది. అయోడిన్ పెద్ద అణువు, దాని ఎలక్ట్రాన్ మబ్బు వదులుగా ఉంటుంది, పక్కన అయొడైడ్ లాంటి ఎలక్ట్రాన్లు ఎక్కువున్నవాడు వస్తే జత కట్టేస్తుంది. అలా పుట్టిన ట్రైఅయొడైడ్‌కి ఛార్జ్ ఉంది కాబట్టి నీళ్లు దాన్ని హాయిగా రానిస్తాయి. అంటే కేఐ అయోడిన్‌ని కరిగించట్లేదు, వేషం మార్చి నీళ్లలోకి పంపుతోంది. ఇక వరస సంగతి, 20 గ్రాముల కేఐని లీటర్లో వేస్తే అయొడైడ్ గాఢత ఎంతో, 40 మిల్లీలీటర్లలో వేస్తే దానికి పాతిక రెట్లు. రేకు అంచున ఉన్న ప్రతి అయోడిన్‌కీ పక్కనే ఒక అయొడైడ్ రెడీగా ఉంటుంది, అందుకే అంత వేగం. నా బీకర్లో కూడా చివరికి కరిగేదే, తెల్లారేసరికి.

ఇక్కడితో ఆగితే సగమే తెలిసినట్టు, ఎందుకంటే ఈ జత కట్టడం పర్మనెంట్ కాదు. ట్రైఅయొడైడ్ విడిపోతూ ఉంటుంది, మళ్లీ కలుస్తూ ఉంటుంది, ఈ రాకపోకల లెక్కకి ఒక సమతాస్థితి స్థిరాంకం ఉంది, 25 డిగ్రీల దగ్గర సుమారు 700 (ఈ అంకె ఎంత పెద్దదైతే పట్టు అంత గట్టి). పారిస్‌లో జాన్ లుగాల్ అనే డాక్టరు 1829లో తయారుచేసిన ద్రావణం తీసుకుందాం, 5 శాతం అయోడిన్, 10 శాతం కేఐ, నీళ్లు. లీటర్లో 50 గ్రాముల అయోడిన్ ఉంది కదా, మరి ఏ క్షణంలోనైనా విడిగా, జంటగా, ఎవర్నీ పట్టుకోకుండా తిరిగే అయోడిన్ ఎంత? ఆ 700 పెట్టి లెక్క కడితే దాదాపు 0.18 గ్రాములు. మిగతాదంతా గాదెలో ఉన్న ధాన్యం. బయట ఉన్న పిడికెడు ఖర్చయిన కొద్దీ గాదెలోంచి వస్తుంటుంది.

దీన్ని నీళ్లు పోసి పది రెట్లు పలచన చేస్తే విడి అయోడిన్ కూడా పదో వంతు అవ్వాలి అనిపిస్తుంది. అవ్వదు. లెక్క ప్రకారం 0.18 కాస్తా 0.17 అవుతుంది, అంతే! వంద రెట్లు పలచన చేస్తే మొత్తం అయోడిన్ 50 గ్రాముల నుంచి అర గ్రాముకి పడిపోతుంది గానీ విడి అయోడిన్ ఇంకా 0.12 దగ్గర ఉంటుంది. నీళ్లు పోసిన కొద్దీ అయొడైడ్ కూడా పలచబడుతుంది కాబట్టి పట్టు వదులవుతుంది, గాదె తలుపులు తెరుచుకుంటాయి. గాఢమైన చోట అయిదు పరమాణువుల గొలుసులు కూడా ఏర్పడతాయి కాబట్టి ఈ అంకెలు పక్కా కొలతలు కావు, అంచనాలు, కానీ నడక మాత్రం ఇదే. నాకైతే ఈ సబ్జెక్టు మొత్తంలో ఇంతకన్నా అందమైన లెక్క కనపడలేదు, పిల్లలకి మాత్రం పరీక్షకి రాదు కాబట్టి ఎవరూ చెప్పరు.

బెటాడిన్‌లో కూడా ఇదే కిటుకు, ఇంకాస్త గట్టిగా. అక్కడ అయోడిన్‌ని పట్టుకునేది పోవిడోన్ అనే పాలిమర్. 10 శాతం పోవిడోన్ అయోడిన్ సీసాలో వాడుకోవడానికి వీలైన అయోడిన్ 1 శాతం ఉంటుంది, అందులో విడిగా తిరిగేది మాత్రం పది లక్షల్లో ఒకటో వంతు లెక్కలో. అందుకే పాత టింక్చర్ పెడితే ప్రాణం లేచొచ్చేది, బెటాడిన్‌కి అంత మంట లేదు. దాన్ని పలచన చేస్తే విడి అయోడిన్ తగ్గకపోగా పది రెట్లకు పైగా పెరుగుతుంది, చదివినప్పుడు అచ్చుతప్పు అనుకున్నా నేను. అలాగని ఇంట్లో నీళ్లు కలిపేయకండి, గాదె చిన్నదైపోతుంది, చీము, రక్తం పందికొక్కుల్లా ఆ కాస్తా తినేస్తే తర్వాత సీసాలో ఉండేది రంగు నీళ్లే. ఎంత పలచన చేయాలో డాక్టర్ చెప్తారు.

పాత టింక్చర్ అంటే ఆల్కహాల్‌లో అయోడిన్. ఆల్కహాల్లో అయోడిన్ దానంతటదే కరుగుతుంది, మరి అందులో కేఐ ఎందుకు అని ఎప్పుడూ ఓ కుర్రాడు అడుగుతాడు, మంచి ప్రశ్న. మన ఇండియన్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల పుస్తకం) చెప్పే వీక్ అయోడిన్ సొల్యూషన్‌లో 2 శాతం అయోడిన్‌కి 2.5 శాతం కేఐ ఉంటుంది. కేఐ లేని టింక్చర్ తడి గాయం మీద పడితే ఆల్కహాల్ పలచబడి అయోడిన్ గింజలుగా బయటపడుతుంది, పైగా నిలవ ఉంటే మెల్లగా ఆల్కహాల్‌తో చర్య జరిపి పాడవుతుంది. గొంతుకి రాసే మాండ్ల్స్ పెయింట్‌లో కూడా ఇవే, 1.25 అయోడిన్, 2.5 కేఐ, కాకపోతే అంటుకుని ఉండడానికి గ్లిజరిన్. డెన్మార్క్ డాక్టర్ గ్రామ్ 1884లో మొదలుపెట్టిన గ్రామ్ స్టెయిన్‌లో (బ్యాక్టీరియాకి రంగు వేసి గుర్తుపట్టే పద్ధతి) ఊదా రంగుని బ్యాక్టీరియా గోడ లోపల ఇరికించేదీ ఈ కాఫీ రంగు ద్రావణమే.

ఇప్పుడు వంటింట్లోకి రండి. అన్నం వార్చిన గంజి చల్లారాక గరిటెడు తీసి నీళ్లతో పలచన చేసి ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేయండి, బెటాడిన్ అయినా పర్లేదు. సిరా ఒలికినట్టు నీలం నలుపు. గంజిలో అమైలోజ్ అనే పొడవాటి గొలుసు స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, ఆ బోలులోకి అయోడిన్, అయొడైడ్ కలిసి ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా దూరి వరస కడతాయి, ఆ వరస వల్లే నీలం. అయొడైడ్ అసలు లేకుండా ఉత్త అయోడిన్‌తో చేస్తే ఈ రంగు సరిగా రాదు. అదే గ్లాసుని వేడి నీళ్లలో పెట్టి బాగా వేడెక్కనివ్వండి, నీలం పోతుంది, స్ప్రింగు వదులై పెట్టెలు బయటికి జారిపోతాయి. చల్లారితే నీలం మళ్లీ వస్తుంది. పాలల్లో గంజిపొడి కలిపారేమో చూడాలంటే మరిగించి, చల్లారాకే అయోడిన్ వేయమని ఫుడ్ సేఫ్టీ వాళ్లు చెప్పేది ఇందుకే. వేడి పాలల్లో చుక్క వేసి "మా పాలు ప్యూరే" అనుకునేవాళ్లని చూశాను.

అదే నీలం గ్లాసులో నిమ్మకాయ పిండితే రంగు ఎగిరిపోతుంది, ఈసారి చల్లార్చినా రాదు. నిమ్మరసంలో విటమిన్ సీ అయోడిన్‌కి ఎలక్ట్రాన్లు ఇచ్చి దాన్ని అయొడైడ్ చేసేసింది. అయోడిన్ ఎక్కడికీ పోలేదు, గ్లాసులోనే ఉంది, వేషం తీసేసింది, అంతే. వేడికి పోయే రంగుకీ నిమ్మకాయకి పోయే రంగుకీ ఉన్న ఈ తేడా చేత్తో చేసి చూసినవాళ్లు ఇక మర్చిపోరు.

ల్యాబ్‌లో నిమ్మకాయ పని చేసేది హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. ఒక జంట అయోడిన్‌కి రెండు హైపోలు, లెక్క ఎప్పుడూ తప్పదు, అందుకే ఏదైనా పదార్థం ఎంతుందో కొలవాలంటే దాన్ని కేఐ మీదికి వదిలి, ఎంత అయోడిన్ పుట్టిందో హైపోతో కొలుస్తారు. పిల్లలు చేసే తప్పు, మొదట్లోనే గంజి వేసేయడం. అయోడిన్ ఎక్కువున్నప్పుడు గంజి దాన్ని గట్టిగా పట్టేసి తొందరగా వదలదు, ఎండ్ పాయింట్ (అయోడిన్ అంతా అయిపోయే చుక్క) దాటిపోతుంది. ఎండుగడ్డి రంగు వచ్చేదాకా హైపో పోసి, అప్పుడు గంజి వేసి, నీలం పోయిన చుక్క దగ్గర బ్యూరెట్ ఆపాలి. పావుగంట వదిలేస్తే నీలం మళ్లీ వచ్చిందని కంగారు పడుతుంటారు, అది గాలిలో ఆక్సిజన్ అయొడైడ్‌ని మళ్లీ అయోడిన్ చేయడం, మీ తప్పు కాదు.

భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద తెల్లవారుజామున "డీఓ పడిపోయింది, ఏరేటర్లు ఆన్ చెయ్యి" అని అరుపులు వినపడతాయి చూడండి, మీటరు లేని చోట ఆ డీఓ కొలిచే కిట్టు కూడా ఇదే కెమిస్ట్రీ. హంగేరీకి చెందిన వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతి. చెరువు నీళ్లలో మాంగనీస్ సల్ఫేట్, క్షారం కలిపిన కేఐ వేస్తే తెల్లగా రావాల్సిన మడ్డి, నీళ్లలో ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగుకి తిరుగుతుంది, తర్వాత యాసిడ్ పోస్తే ఆ ఆక్సిజన్‌కి సరిపడా అయోడిన్ బయటికొస్తుంది, దాన్ని హైపోతో కొలుస్తారు. ఒక్క మిల్లీగ్రాము ఆక్సిజన్‌కి దాదాపు 16 మిల్లీగ్రాముల అయోడిన్ పుడుతుంది. కంటికి కనపడని గ్యాస్‌ని పదహారు రెట్ల బరువున్న రంగు కిందకి మార్చి కొలుస్తున్నామన్నమాట, రైతు చేతిలో ఉన్న ఆ చిన్న సీసా కిట్టుకి నేను దండం పెడతా. అదే చెరువులో శానిటైజర్ కింద అయోడిన్ కొడతారు, అక్కడ మళ్లీ పందికొక్కుల సమస్యే, అడుగున మేత కుళ్లు ఎక్కువుంటే వేసిన అయోడిన్ వైరస్ దాకా వెళ్లకముందే ఖర్చయిపోతుంది.

గాలి అయొడైడ్‌ని అయోడిన్ చేసేస్తుంది అన్నాను కదా. పాత కేఐ సీసా తెరిస్తే పసుపు రంగులో ఉండేది ఇందుకే, గోధుమ రంగు సీసాలు వాడేదీ ఇందుకే. మరి ఉప్పులో కేఐ కలిపితే? చెమ్మ పట్టే బస్తాలో, ఎండలో, లారీలో తిరిగి కొట్టుకి చేరేసరికి అయోడిన్ ఆవిరై సగం పోతే అడిగేవాడు లేడు. అందుకని మన దేశంలో ఉప్పుకి పొటాషియం అయొడేట్ వాడతారు, అది ఇప్పటికే బాగా ఆక్సిజన్ పట్టి ఉంది, గాలి దాన్ని చేసేదేం లేదు. ఒంట్లోకి వెళ్లాక అయొడైడ్‌గా మారిపోతుంది. ఇంటికి చేరేసరికి కనీసం 15 పీపీఎం (కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాముల అయోడిన్) ఉండాలని రూలు, రోజుకి పది గ్రాముల ఉప్పు తింటే 150 మైక్రోగ్రాములు, పెద్దవాళ్లకి కావాల్సింది సరిగ్గా అంతే.

దీని వెనక మనవాడొకాయన ఉన్నారు. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి, హిమాలయాల కింద కాంగ్రా లోయలో గాయిటర్ (అయోడిన్ చాలక మెడ వాచే జబ్బు) మీద 1956 నుంచి ఆయన బృందం చేసిన పనిలో ఆ లోయని మూడు జోన్లుగా విడగొట్టి, ఒకచోట అయొడైడ్ ఉప్పు, ఒకచోట అయొడేట్ ఉప్పు, ఒకచోట మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ల తరబడి చూశారు. అయోడిన్ కలిసిన రెండు జోన్లలో పిల్లల మెడ వాపులు తగ్గాయి. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

ఉప్పులో ఉన్నది అయొడేట్ కాబట్టి గంజిలో ఉప్పు వేస్తే నీలం రాదు. రాలేదు, కాబట్టి ఇది నకిలీ అని వీడియోలు తిరుగుతుంటాయి, నమ్మకండి. ఆశా వర్కర్ల దగ్గర ఉండే చిన్న టెస్ట్ కిట్ సీసాలో గంజి, కేఐ, యాసిడ్ మూడూ ఉండేలా చూస్తారు. యాసిడ్ సమక్షంలో ఒక అయొడేట్ అయిదు అయొడైడ్లతో కలిసి మూడు జంట అయోడిన్లు పుట్టిస్తుంది, అప్పుడు నీలం. అంటే ఆ రంగులో ఉప్పు తెచ్చిన వాటా ఆరింట ఒకటే, మిగతా అయిదు కిట్టువే, అయోడిన్ తక్కువున్న ఉప్పుకి కూడా రంగు ఎగిరి కనపడేది అందుకే.

చివరిగా మాత్రల సంగతి, ఎక్కడ రేడియేషన్ వార్త వచ్చినా వాట్సాప్‌లో అయోడిన్ తాగండి అని మెసేజ్ వస్తుంది కాబట్టి. అణు ప్రమాదంలో బయటపడే రేడియోధార్మిక అయోడిన్ 131 థైరాయిడ్‌లో చేరుతుంది, ముందే మామూలు అయొడైడ్‌తో గ్రంథిని నింపేస్తే దానికి చోటుండదు. పెద్దవాళ్లకి 130 మిల్లీగ్రాముల కేఐ, అందులో అయోడిన్ దాదాపు 100 మిల్లీగ్రాములు. 1986లో చెర్నోబిల్ పేలినప్పుడు పోలండ్‌లో కోటి మందికి పైగా పిల్లలకి అయొడైడ్ ఇచ్చారు, అక్కడివాళ్లు ఇప్పటికీ దాన్ని లుగాల్ మందు అనే చెప్పుకుంటారు. అది వయసుని బట్టి డోసు కొలిచి సర్కారు ఇచ్చిన మందు. 2011లో ఫుకుషిమా తర్వాత చైనాలో జనం అయోడిన్ ఉప్పు కోసం కొట్ల మీద పడ్డారు, పాపం లెక్క ఎవరూ వేసుకోలేదు. 30 పీపీఎం ఉప్పుతో 100 మిల్లీగ్రాములు రావాలంటే మూడు కిలోల పైన ఉప్పు తినాలి. అటు లుగాల్ అయితే ఒక్క చుక్కలోనే అయోడిన్, అయొడైడ్ కలిపి 6 మిల్లీగ్రాముల పైన, అంటే నలభై రోజుల అవసరం. థైరాయిడ్ ఉన్నవాళ్లు సొంత వైద్యంగా చుక్కలు వేసుకుంటే గ్రంథి అటో ఇటో తిరగబడుతుంది. టింక్చర్ అయితే అసలు తాగేదే కాదు, గొంతు, కడుపు కాలతాయి.

ఇంతకీ బాబాయ్ ఉంగరం. ఆయన రిటైరయ్యాక చాలా ఏళ్లకి, చిప్పులు తయారుచేసే చోట పనిచేసే మా పాత స్టూడెంట్ ఒకడు మాటల్లో చెప్పాడు, పలకల మీద పూసిన బంగారపు పొరని అవసరం లేని చోట తీసేయడానికి వాళ్లు వాడేది 4 పాళ్లు కేఐ, 1 పాలు అయోడిన్, 40 పాళ్లు నీళ్లట. ట్రైఅయొడైడ్ బంగారం నుంచి ఎలక్ట్రాన్ లాగుతుంది, పక్కనున్న అయొడైడ్ దాన్ని పట్టుకుని నీళ్లలోకి దింపేస్తుంది, నల్ల రేకుల్ని దింపినట్టే. ఉంగరం మొత్తం కరిగిపోదు గానీ మెరుపు మాత్రం పోతుంది. బాబాయ్‌కి ఈ లెక్కేం తెలియదు, ఒకసారి ఆయన ఉంగరం నల్లబడితే ఇంట్లో వారం రోజులు మాటలు పడ్డాడట, అప్పట్నుంచి జేబులో వేసుకునేవాడు.